నెడితే కదిలిన పద్మిని

మా ఇంట్లో 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని ఉంది, పక్కనే ఒక ఆటోమేటిక్ కారు ఉండేది. కొత్తది ఉండగా ఆ పాత బండి ఎందుకని అడగని చుట్టం లేడు. ఏసీ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు, స్టీరింగ్ తిప్పితే భుజాలు పట్టేస్తాయి. అన్నీ నిజమే, వాదించను. నాకు నచ్చింది ఒక్కటే. న్యూట్రల్‌లో వేసి నెడితే కదులుతుంది.

ఇదో గొప్పా అంటారేమో. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు రెండు బండ్లూ గేటు లోపలే ఉన్నాయి. రెండూ డ్యాష్‌బోర్డు దాకా మునిగాయి. నీళ్లు తీశాక చూస్తే కొత్తదాని బ్యాటరీ చచ్చింది. గేరు పార్కింగ్‌లోంచి రాదు. హ్యాండ్‌బ్రేకు ఒక బటన్, దానికీ కరెంటు కావాలి. పదిమంది పట్టినా అంగుళం జరగలేదు. వీధంతా అలాంటి బండ్లే, టోయింగ్ వాళ్లు ఫోన్ ఎత్తరు. పద్మినిని మాత్రం వీధిలో కుర్రాళ్లు నలుగురు రోడ్డు మీదికి తోసేశారు.

ఆటోనగర్‌లో మేస్త్రి అడిగిన మొదటి మాట, "సెల్ఫ్ కొట్టారా సార్?" లేదన్నాను. "అయితే బతికినట్టే" అన్నాడు. సిలిండర్లలో నీళ్లుండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయట. ప్లగ్గులు పీకి ఇంజన్ తిప్పితే నీళ్లు చిమ్ముకుంటూ వచ్చాయి. ఆయిలు పాల కాఫీలా దిగింది. ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ మూడింట్లోనూ మార్చాడు. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ ఆరబెట్టి, పాయింట్లూ కండెన్సరూ కొత్తవి వేశాడు. కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. ఏది ఎందుకు ఆగిందో పక్కన నిలబడి చూస్తున్న నాకూ అర్థమైంది. కొత్తదానికేమో ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), వైరింగ్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ అంటూ పెద్ద ఎస్టిమేట్ వేశారు. ఖర్చు ఐడీవీలో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటిందని టోటల్ లాస్ కింద రాసేశారు.

పద్మిని స్టార్టయిన రోజు ఊరందరికీ ఫోన్ చేసి చెప్పాను. ఆ తర్వాతి సంగతులు ఎవరికీ చెప్పలేదు. సెల్ఫ్ మోటారు మళ్లీ వైండింగ్‌కి వెళ్లింది. బ్రేకు సిలిండర్లు తుప్పు పట్టాయి, మార్పించినా వానొస్తే బండి ఎడమకి లాగుతుంది. సీట్ల వాసన ఇంకా వదల్లేదని మా ఆవిడ ఎక్కదు. పైగా కొత్తది పోయినా దాని తాలూకు డబ్బులు వచ్చాయి. పద్మినికి ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అది ఎదుటివాళ్ల నష్టానికే, నాకు పైసా రాలేదు. బాగుచేయించిన ఖర్చంతా నా జేబులోదే.

ఇన్సూరెన్స్ డబ్బుకి కొంత కలిపి మళ్లీ కారు కొన్నాం. మాన్యువల్ గేరు, చేత్తో లాగే హ్యాండ్‌బ్రేకు ఉన్నదే కావాలని షోరూమ్‌లో పట్టుబట్టాను. సేల్స్ కుర్రాడు నన్ను వింతగా చూశాడు. గుంటూరు వెళ్లాలన్నా, మే నెల ఎండలో అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా దాన్నే తీస్తాం. హైవే మీద లారీల మధ్య పద్మినిని నడిపే ధైర్యం నాకు లేదు. అది పొద్దున పూట రైతుబజారు దాకానే.

పాత బండి కొనచ్చా అని అడిగితే ఏం చెప్పను? నాకు ఊళ్లోనే ఆటోనగర్ ఉంది, ఆ మేస్త్రికి ఇంకా ఓపిక ఉంది, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి తిరిగే తీరిక నాకుంది. అవి లేనివాళ్లకి నేనైతే కొనమని చెప్పను. నాదైనా, వచ్చే రెన్యువల్‌లో ఫిట్‌నెస్ గట్టెక్కితేనే ఉంచుతాను.