కాలనీ న్యూస్‌లెటర్: పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లా, ఇన్‌డిజైన్‌లో యూనికోడా?

మా కాలనీ సంఘం న్యూస్‌లెటర్ నాలుగు పేజీలే, ఒక ఏ3 కాగితం మధ్యకి మడిస్తే అయిపోతుంది. రెండు రకాలుగానూ చేసి చూశాను.

డీటీపీ సెంటర్లో (కంప్యూటర్‌లో పేజీలు కూర్చి ఇచ్చే చోట) పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లు అయితే అక్షరం ముద్దుగా వస్తుంది, ఆపరేటర్ వేగం చూసి తీరాల్సిందే. కానీ ప్రూఫులో ఒక్క తప్పు దొరికినా మళ్లీ అతని దగ్గరికే పరుగు. పైగా అది యూనికోడ్ (అన్ని ఫోన్లకీ, కంప్యూటర్లకీ అర్థమయ్యే ఉమ్మడి అక్షరాల కోడ్) కాదు కాబట్టి ఆ మేటర్ వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే అన్నీ పిచ్చి గుర్తులే.

యూనికోడ్‌లో సభ్యులు ఫోన్లో టైప్ చేసి పంపిందే నేరుగా పేజీలో పడుతుంది, దిద్దుడంతా ఇంట్లోనే. ఇన్‌డిజైన్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ (తెలుగు లాంటి లిపుల్ని సరిగ్గా కూర్చే సెట్టింగ్) పెట్టడం మర్చిపోతే మాత్రం వత్తులు విడిపోయి, అధ్యక్షుడు కాస్తా 'అధ్‌యక్‌షుడు' అయి కూర్చుంటాడు (మా ప్రెసిడెంట్ గారు వారం రోజులు మాట్లాడలేదు). అయినా నా ఓటు దీనికే.