థాయ్‌లాండ్‌లో ఉండిపోవాలంటే: నాన్-బీ, డీటీవీ, రిటైర్మెంట్... ఏది మేలు?

మూడేళ్ల కిందట ఒక గురువారం మధ్యాహ్నం మా కంపెనీ హెచ్‌ఆర్ పిలిచి, రేపే మీ ఆఖరి రోజు అని చెప్పింది. రావలసిన జీతం కంటే ముందు నాకు పాస్‌పోర్ట్ గుర్తొచ్చింది. నేను బ్యాంకాక్‌లో ఉంటున్నది నాన్-బీ మీద, అంటే ఉద్యోగం చూపించి తీసుకున్న ఏడాది ఎక్స్‌టెన్షన్ మీద. ఉద్యోగం పోయిన రోజుతో ఆ ఎక్స్‌టెన్షన్ కూడా పోతుంది. స్టాంపులో ఇంకా ఏడు నెలల గడువు కనిపిస్తూనే ఉంది, కానీ ఆ తేదీకి ఇక విలువ లేదు. మా ఆవిడ, పాప ఇద్దరూ నా మీద ఆధారపడినవాళ్లుగా నాన్-ఓ అనే కుటుంబ వీసా మీద ఉన్నారు కాబట్టి వాళ్లదీ అదే గతి.

శుక్రవారం తెల్లారేసరికి ముగ్గురం చేంగ్ వత్తనా ఇమ్మిగ్రేషన్ ఆఫీసు ముందు క్యూలో ఉన్నాం. కింది అంతస్తులో జిరాక్స్ షాపులో పాస్‌పోర్ట్ పేజీలన్నీ కాపీలు తీయించి, ఒక్కో కాపీ మీద సంతకం పెడుతుంటే, ఆరేళ్ల పాప కూడా పెన్ను తీసుకుని తన పేరు రాస్తానంది. మనిషికి 1,900 బాట్ చొప్పున కట్టాం. ఏడు రోజులు ఇచ్చారు. ఏడు రోజుల్లో ఇల్లు, స్కూలు, సామాను, కరెంటు బిల్లు అన్నీ తేల్చుకుని హైదరాబాద్ ఫ్లైటెక్కాం. తరువాత ఇంకో కంపెనీ దొరికి, కాగితాలన్నీ మొదటి నుంచి చేయించుకుని తిరిగి వచ్చాను.

ఆ వారం తరువాత ఎవరు ఏ వీసా మేలు అని అడిగినా, నేను ముందు అడిగే మాట ఒకటే: ఏం జరిగితే అది పోతుంది? ఎన్నాళ్లు ఇస్తారు, ఎంత ఖర్చు అన్నవి ఆ తరువాత చూసుకునే విషయాలు. ఇప్పుడు మా చుట్టూనే మూడు రకాలూ ఉన్నాయి. నాది నాన్-బీ, మా బావమరిదిది డీటీవీ (బయటి కంపెనీలకు ఆన్‌లైన్‌లో పనిచేసేవాళ్లు తీసుకునే వీసా), మా అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తులో ఉండే విశాఖ పెద్దాయనది రిటైర్మెంట్. ముగ్గురినీ దగ్గరగా చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఒక తేడా తెలియాలి. వీసా వేరు, ఉండడానికి అనుమతి వేరు. వీసా గుమ్మం దాకా తెస్తుంది. ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ కొట్టే స్టాంపులోని తేదీ దాకానే మీరు ఉండాలి. మామూలు నాన్-బీ సింగిల్ ఎంట్రీకి వచ్చే స్టాంపు 90 రోజులది. ఏడాది అనేది ఆ తరువాత ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో తీసుకునే ఎక్స్‌టెన్షన్. డీటీవీ ఐదేళ్లు చెల్లుతుంది, కానీ వచ్చిన ప్రతిసారీ పడే స్టాంపు 180 రోజులది. ఐదేళ్ల వీసా ఉందని ధీమాగా 180 దాటేస్తే అది ఓవర్‌స్టే. రోజుకు 500 బాట్, గరిష్ఠంగా 20,000 బాట్ జరిమానా. మీ అంతట మీరే వెళ్లిపోతున్నా సరే, 90 రోజులు దాటితే ఏడాది పాటు మళ్లీ రానివ్వరు. తనిఖీలో దొరికితే ఐదేళ్ల నిషేధంతో మొదలు.

కొన్నాళ్లు ఉండి చూద్దాం అనుకునేవాళ్లకు వీసా లేకుండా వచ్చే దారి ఉంటే అదే చాలు. 2024 జూలై 15 నుంచి మన పాస్‌పోర్ట్‌కి వీసా అక్కర్లేకుండా 60 రోజులు ఇచ్చారు, ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో 1,900 బాట్ కట్టి ఇంకో 30 రోజులు అడిగే వీలూ ఇచ్చారు. ఆ 60 రోజులను తగ్గించాలన్న మాట అక్కడ చాలాసార్లు వచ్చింది, అందుకే టికెట్ కొనే ముందు అధికారిక ఈ-వీసా సైట్ ఒకసారి చూడండి. దీన్నే పట్టుకుని లావోస్ సరిహద్దు దాకా వెళ్లి వస్తూ ఏడాదంతా గడిపేద్దాం అనుకుంటే మాత్రం వద్దు. భూమార్గాన అలా వీసా లేకుండా వచ్చే అవకాశం ఏడాదికి రెండుసార్లే. విమానంలో వచ్చినా, పాస్‌పోర్ట్‌లో వరసగా అవే స్టాంపులు చూసిన ఆఫీసర్ వెనక్కి పంపవచ్చు. అద్దె ఇల్లు, సామాను లోపల, మనిషి బయట. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇక అసలు పోటీ నాన్-బీకీ డీటీవీకీ మధ్య.

డీటీవీ కూడా 2024 జూలైలోనే వచ్చింది. థాయ్‌లాండ్ బయట ఉన్న కంపెనీకి ఆన్‌లైన్‌లో పనిచేసేవాళ్లు, ఫ్రీలాన్సర్లు, ముయ్ థాయ్ అనే యుద్ధకళ లేదా థాయ్ వంట నేర్చుకునేవాళ్లు, వైద్యం కోసం వచ్చేవాళ్లు తీసుకోవచ్చు. ఇరవై ఏళ్లు నిండాలి. 5 లక్షల బాట్‌లకు సమానమైన డబ్బు చూపించాలి, ఈనాటి మారకంలో 13 లక్షల రూపాయల పైమాటే. ఫీజు 10,000 బాట్, అర్జీ పెట్టే దేశాన్ని బట్టి మారుతుంది. అర్జీ థాయ్‌లాండ్ బయటి నుంచే పెట్టాలి. తిరస్కరిస్తే ఫీజు తిరిగి రాదు.

మా బావమరిది దీనికి అర్జీ పెట్టినప్పుడు కాగితాలు నేనూ దగ్గరుండి చూశాను. అందరూ డబ్బు దగ్గర ఆగిపోతామని భయపడతారు గానీ, అతను ఆగింది కంపెనీ ఉత్తరం దగ్గర. "ఉద్యోగి ఇంటి నుంచి పనిచేయవచ్చు" అని మాత్రమే రాసి ఇచ్చారు. ఇంటి నుంచి అంటే ఏ ఇంటి నుంచి? దేశం బయటి నుంచి పనిచేయడానికి అభ్యంతరం లేదన్న ముక్క స్పష్టంగా లేదని మళ్లీ అడిగారు. కొత్త ఉత్తరం సంపాదించడానికి మూడు వారాలు పట్టింది. మన ఐటీ కంపెనీల్లో చాలావాటికి ఇలా రాసివ్వడం ఇష్టం ఉండదు, డేటా నిబంధనలనీ పన్ను సమస్యలనీ వెనకాడతాయి. అందుకే డీటీవీ కావాలనుకుంటే బ్యాంక్ బ్యాలెన్స్ కంటే ముందు మీ మేనేజర్‌తో మాట్లాడండి.

డబ్బు విషయంలో డీటీవీకి పెద్ద సుఖం ఒకటుంది. ఆ మొత్తం మన బ్యాంకులోనే ఉండవచ్చు, థాయ్‌లాండ్‌కి పంపనక్కర్లేదు. బయటికి వెళ్లి తిరిగి వస్తే చాలు, మళ్లీ 180 రోజులు. సంక్రాంతికి ఇంటికొచ్చి వెళ్లడంతోనే అతనికి గడువు కొత్తగా మొదలవుతుంది. ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు ఏడాదికోసారి ఫైలు మోసుకెళ్లే పని లేదు. ఒకసారి నాతో అన్నాడు: "బావా, నీకు ఆఫీసు పోతే స్టాంపు కూడా పోతుంది. నాకు ఒక క్లయింటు పోతే ఆ క్లయింటే పోతాడు." ఆ మాట నిజమే. అతని స్టాంపు థాయ్ యజమాని ఎవరి చేతిలోనూ లేదు.

అయితే డీటీవీ మీద థాయ్ కంపెనీకి పనిచేయకూడదు. అక్కడి హోటల్‌కి వెబ్‌సైట్ చేసిపెట్టి డబ్బు తీసుకున్నా తప్పే. వర్క్ పర్మిట్ రాదు. బ్యాంక్ ఖాతా తెరవడం ఒక్కో బ్రాంచిలో ఒక్కోలా ఉంటుంది, అతను మూడు బ్రాంచీలు తిరిగాడు. అన్నిటికంటే ముఖ్యం, ఎన్నేళ్లున్నా అది ఎక్కడికీ చేర్చదు. శాశ్వత నివాసానికి వరసగా మూడేళ్లు నాన్-ఇమిగ్రెంట్ ఎక్స్‌టెన్షన్‌లు ఉండాలి. ఏడాదికి ఒక్కో దేశానికి వంద మందే, అయినా నాన్-బీ వాళ్లకు ఆ తలుపు ఉంది. డీటీవీ వాళ్లకు లేదు.

నాన్-బీలో కాగితాల బరువు ఎక్కువ మీ కంపెనీ మీదే. మామూలు కంపెనీ అయితే ఒక విదేశీయుడికి నలుగురు థాయ్ ఉద్యోగులు, 20 లక్షల బాట్ మూలధనం చూపాలి. ప్రభుత్వ పెట్టుబడుల బోర్డు ప్రోత్సాహం ఉన్న కంపెనీలకు ఈ లెక్కలు వర్తించవు, వాటిలో చేరగలిగితే అదృష్టమే. ఏడాదికి ఒకసారి 1,900 బాట్‌తో ఎక్స్‌టెన్షన్. జీతం నుంచి సోషల్ సెక్యూరిటీకి కొంత కోస్తారు, దానితో నమోదైన ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది. మా పాపకి డెంగీ వచ్చినప్పుడు, అది నాకు మాత్రమే పనిచేస్తుందనీ కుటుంబానికి కాదనీ బిల్లు చూశాక తెలిసింది. కుటుంబంతో వచ్చేవాళ్లు ఇన్సూరెన్స్ విడిగా తీసుకోండి.

నాన్-బీ వాళ్లు, రిటైర్మెంట్ వాళ్లు తప్పకుండా గుర్తుంచుకోవలసింది రీ-ఎంట్రీ పర్మిట్. ఎక్స్‌టెన్షన్ మీద ఉండి, ఈ పర్మిట్ లేకుండా దేశం దాటితే ఆ ఏడాది అంతా రద్దు. ఒకసారికి 1,000 బాట్, ఎన్నిసార్లయినా వెళ్లిరావడానికి 3,800. మా తెలుగు కుర్రాడు ఒకడు అక్క పెళ్లికని హడావిడిగా రాజమండ్రి వెళ్లి, తిరిగొచ్చేసరికి తొమ్మిది నెలల గడువు పోగొట్టుకున్నాడు. సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లోనే దానికి కౌంటర్ ఉంది, అది తెలియక. డీటీవీ వాళ్లకు ఈ గొడవే లేదు.

రిటైర్మెంట్‌కి యాభై ఏళ్లు నిండాలి. థాయ్ బ్యాంకులో 8 లక్షల బాట్ ఉంచాలి, లేదా నెలకు 65,000 బాట్ ఆదాయం చూపాలి. అర్జీకి రెండు నెలల ముందు నుంచి ఆ డబ్బు ఖాతాలో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వచ్చాక మూడు నెలలు కదపకూడదు, ఆ తరువాత కూడా 4 లక్షలకు తగ్గకూడదు. ఆరో అంతస్తు పెద్దాయన పాస్‌బుక్‌ని దేవుడి పటం వెనక పెడతారు. అర్జీ రోజు పొద్దున్నే బ్యాంకుకు వెళ్లి ఉత్తరం తీసుకుని, పాస్‌బుక్‌లో ఒక చిన్న ఎంట్రీ వేయించుకుని, అప్పుడు ఇమ్మిగ్రేషన్‌కి వెళతారు. తేదీ పాతదైతే వెనక్కి పంపుతారని ఆయన భయం, ఆ భయం సరైనదే.

ఇక్కడ మనవాళ్లు లెక్కలో వదిలేసేది ఒకటుంది. 8 లక్షల బాట్ మన దేశం నుంచి పంపాలంటే ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పట్టుకుంటుంది. రిటర్న్ దాఖలు చేస్తే సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం పంపితే భారం బాగా తగ్గుతుంది. పెద్దాయన అలాగే చేశారు.

ఎనిమిది లక్షలు లేకపోయినా ఫర్వాలేదు, మేం చూపిస్తాం అనే ఏజెంట్లు తగులుతారు. దయచేసి వాళ్ల దగ్గరికి వెళ్లకండి. అబద్ధపు కాగితం మీద వచ్చిన స్టాంపు బయటపడితే నష్టపోయేది ఏజెంట్ కాదు, డెబ్బై ఏళ్ల వయసులో దేశం వదలాల్సిన మనిషి.

ఇంకా ఉన్నాయి. చదువు వీసా థాయ్ నిజంగా నేర్చుకునేవాళ్లకు మంచిది. పేరుకు చేరి క్లాసులకు వెళ్లకపోతే, ఎక్స్‌టెన్షన్ రోజు ఆఫీసర్ థాయ్‌లో రెండు ప్రశ్నలు అడిగితే దొరికిపోతారు. డబ్బున్నవాళ్లకు, ఫీజు కట్టి దీర్ఘకాలం ఉండే అనుమతి తెచ్చుకునే థాయ్‌లాండ్ ప్రివిలేజ్ సభ్యత్వం ఉంది, ఐదేళ్లకు 6,50,000 బాట్ నుంచి. అంత పెట్టినా పనిచేసే హక్కు రాదు కాబట్టి నాకు నచ్చదు. పదేళ్ల ఎల్‌టీఆర్ (దీర్ఘకాల నివాస) వీసా చాలా మంచిది, ఫీజు 50,000 బాటే, మిగతావాళ్లు 90 రోజులకోసారి ఇచ్చే చిరునామా రిపోర్టు దీనికి ఏడాదికోసారి చాలు. కానీ దాని అర్హతలు ఏడాదికి 80,000 డాలర్ల ఆదాయం లాంటివి. అందుకునేవాళ్లు ఇంకేదీ చూడనక్కర్లేదు.

ఏ వీసా అయినా తప్పనివి కొన్ని. ఎల్‌టీఆర్ వాళ్లు తప్ప అందరూ, వరసగా 90 రోజులు ఉంటే చిరునామా రిపోర్టు ఇవ్వాలి, గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తరువాత దాకా. మరిస్తే 2,000 బాట్. మీరు దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని ఇమ్మిగ్రేషన్‌కి తెలపాలి, టీఎం30 అంటారు. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేముందే యజమానితో దీని గురించి మాట్లాడండి, ఆ కాగితం లేదని ఎక్స్‌టెన్షన్ ఆగిన సందర్భాలున్నాయి. క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులు ఉంటే అక్కడ పన్ను కట్టాల్సిన నివాసి అవుతారు. 2024 నుంచి, బయటి సంపాదన థాయ్‌లాండ్‌కి తెచ్చుకుంటే దాని మీద కూడా పన్ను లెక్క ఉంది. డీటీవీ మీద ఏడాదంతా ఉండేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

కాబట్టి నా మాట ఇది. థాయ్ కంపెనీ ఉద్యోగం చేతిలో ఉండి, పిల్లల్ని అక్కడే చదివించి స్థిరపడదాం అనుకుంటే నాన్-బీ. పెళ్లికాని వాళ్లు, బయటి దేశపు జీతంతో ఒకటి రెండేళ్లు ఉండాలనుకునేవాళ్లు డీటీవీ, సందేహమే లేదు. యాభై దాటి, పని వదిలేసి, ఆ 8 లక్షలు కదపకుండా ఉంచగలిగితే రిటైర్మెంట్. ఆ డబ్బు అవసరానికి తీయాల్సి వస్తుందనుకుంటే మాత్రం దాని జోలికి వెళ్లకండి.

నేను నాన్-బీ మీదే ఉన్నాను. కానీ ఈసారి ఒక ఏర్పాటు చేసుకున్నాం. మా ఆవిడ రెండేళ్లుగా సింగపూర్ క్లయింట్లకు ఆన్‌లైన్‌లో అకౌంట్స్ రాస్తోంది. ఆ ఒప్పందాలు, ఇన్వాయిస్‌లు ఒక ఫైల్లో పెట్టాం. 5 లక్షల బాట్‌కి సరిపడా మొత్తం హైదరాబాద్ బ్యాంకులో ఆమె పేరు మీద ఉంది, దాన్ని ముట్టుకోవడం లేదు. మళ్లీ ఎవరైనా గురువారం పిలిచి రేపే ఆఖరి రోజంటే, మేం బయటికి వెళ్లి అక్కణ్నుంచి ఆమె డీటీవీకి అర్జీ పెడుతుంది. భర్తగా నేను, కూతురిగా పాప ఆమె మీద ఆధారపడినవాళ్లుగా వస్తాం. పాప స్కూలు మారక్కర్లేదు.