కుక్కపిల్లతో పాటు వచ్చిన నోటుపుస్తకం: రెండున్నరేళ్ల అనుభవం

కుక్కపిల్లను ఎవరి దగ్గర తీసుకోవాలని నన్ను అడిగేవారికి మా పామరేనియన్ కుక్క బూరె కంటే ముందు ఒక నోటుపుస్తకం చూపిస్తాను. నీలం అట్ట, గీతల కాగితాలు, బడిపిల్లలు వాడే రకం. గుంటూరులో మాకు పిల్లను ఇచ్చిన ఆవిడ దాన్ని స్వయంగా రాసి ఇచ్చారు. పామరేనియన్ జాతి గుణాలు, రంగులు, ధరలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచుకున్నదంతా ఈ పుస్తకం గురించే.

అంతకు ముందు మేము ఉండే విజయవాడలోనే రెండు చోట్ల చూశాం. ఒకచోట ముప్పై రెండు రోజుల పిల్లను చేతిలో పెట్టి, అన్నం తింటోంది కాబట్టి తీసుకువెళ్లవచ్చన్నారు. తల్లిని చూపించమంటే పల్లెలో ఉందన్నారు. రెండోచోట టీకప్పులో పట్టేంత చిన్న రకమంటూ ‘టీకప్’ అనే మాటతో ధర రెట్టింపు చేశారు. అలాంటి జాతిని, కుక్క జాతులను నమోదు చేసే ఏ కెన్నెల్ క్లబ్బూ గుర్తించదు. ఈతలో అందరికంటే చిన్నదిగా పుట్టిన బలహీనమైన పిల్లకు పెట్టిన ముద్దుపేరు అది.

గుంటూరు ఆవిడ ఇల్లు మామూలు డాబా. తల్లి కుక్క వరండాలోనే ఉంది. మేము వెళ్లగానే మొరిగింది, ఆవిడ పలకరించగానే మా దగ్గరకు వచ్చి చేతులు వాసన చూసింది. దానికి అది రెండో ఈత. రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదైన కాగితం అడగకుండానే చూపించారు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆవిడ పది వారాలు నిండితే గానీ ఇవ్వనన్నారు. డబ్బు కట్టాక కూడా అన్ని రోజులు ఆగవలసి వచ్చినందుకు అప్పట్లో విసుక్కున్నాం.

ఆ పది వారాలూ పుస్తకంలో ఉన్నాయి. పుట్టిన రోజున 128 గ్రాములు. అక్కడి నుంచి ప్రతి ఉదయం తూచిన బరువు. నాలుగో రోజున ఆరు గ్రాములు తగ్గిందని రాసి, పక్కన ‘తల్లి దగ్గర ముందుగా దీన్నే పెట్టాను’ అని ఉంది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు నులిపురుగుల మందు. టీకా సీసా మీది చీటీ అంటించి ఉంది. ఇరవై ఎనిమిదో రోజు దగ్గర ‘కుక్కరు కూతకు బెదరలేదు’ అని, ముప్పై ఐదో రోజు దగ్గర ‘మిక్సీకి బెదిరింది, రేపు మళ్లీ’ అని రాశారు. ఈ వాక్యాలు చదువుతుంటే, మేము చూడని ఆ రోజుల్లో కూడా దీన్ని ఒకరు కంటికి రెప్పలా చూసుకున్నారని నమ్మకం కలిగేది. ఇప్పటికీ కలుగుతుంది.

అసలు సంగతి 2023 జనవరి 13 రాత్రిది. పండగ దాటాక తీసుకువెళ్లమ్మా అని ఆవిడ చెప్పారు. పిల్లలకు సెలవులని పట్టుబట్టి మేమే 12వ తేదీన తెచ్చేశాం. తెల్లవారితే భోగి. ఇంట్లో పద్నాలుగు మందిమి. ఎనిమిది వందల గ్రాముల పిల్ల పగలంతా ఒకరి ఒడిలోంచి ఇంకొకరి ఒడిలోకి మారింది. రోజుకు ఐదుసార్లు మేత పెట్టాలి. పెట్టాం కూడా. తిన్నదో లేదో మాత్రం ఎవరూ చూడలేదు. ఎవరో చూసి ఉంటారని అందరం అనుకున్నాం.

రాత్రి పదకొండున్నరకు మా అత్తగారు, “అమ్మాయ్, పిల్ల మెడ నిలపడం లేదు, చూడు” అన్నారు. చేతిలోకి తీసుకుంటే తడిగుడ్డలా వాలిపోయింది. చెవులు చల్లగా ఉన్నాయి, చిగుళ్లు పాలిపోయాయి, కాళ్లు సన్నగా కొట్టుకుంటున్నాయి. ఏదో విషం తిన్నదనుకుని నాకు నోట మాట రాలేదు. మావారు రెండు పశువైద్యశాలలకు ఫోన్ చేశారు, ఎవరూ ఎత్తలేదు. మా చిన్నది పరుగున పుస్తకం తెచ్చింది. తొమ్మిదో పేజీలో ఎర్ర సిరాతో ఇలా ఉంది:

‘వణికినా, తూలినా, మెడ వాల్చినా ముందు చక్కెర. తేనె గానీ గ్లూకోజు నీళ్లు గానీ వేలితో చిగుళ్లకు రాయాలి. నోట్లో పోయకూడదు, పొలమారుతుంది. గుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచాలి. లేచినా లేవకపోయినా డాక్టరుకు చూపించాలి.’

తేనె లేదు. గ్లూకోజు పొడి ఎక్కడ ఉందో గుర్తు రాలేదు. పొయ్యి పక్కన అరిసెలకు పట్టిన బెల్లం పాకం గిన్నె అడుగున చల్లారి ఉంది. దాన్నే రెండు చుక్కల నీళ్లతో పలుచన చేసి పై చిగురుకు, కింది చిగురుకు రాస్తూ కూర్చున్నాను. ఏడెనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది. నాలుక కదిలింది, నా వేలు నాకింది. ఆ స్పర్శ ఇప్పటికీ నా వేలికి గుర్తుంది.

అప్పుడు గుంటూరుకు ఫోన్ చేశాం. రెండో మోగుకే ఎత్తారు. “చిగురు నొక్కి వదులు తల్లీ, రంగు తిరిగి వస్తోందా? పొట్ట వెచ్చగా ఉందా?” అని అడుగుతూ నలభై నిమిషాలు ఫోన్‌లోనే ఉన్నారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. లేచి కూర్చున్నాక కాస్త మేత తినిపించమన్నారు. తెలిసినవారి ద్వారా ఒక డాక్టరు గారు దొరికి, ఒంటిగంటకు చూపించేసరికి రక్తంలో చక్కెర సరిపడా ఉంది. ఇంత చిన్న పిల్లల కాలేయంలో చక్కెర నిల్వ చాలా తక్కువట. కొన్ని గంటలు తినకపోయినా, చలి తగిలినా, అలసిపోయినా రక్తంలో చక్కెర పడిపోతుందట. ఇంకో అరగంట ఆగి ఉంటే మూర్ఛలు వచ్చేవని ఆయన అన్నారు.

ఆ రాత్రి తర్వాత ఏడాది పాటు ఆవిడ గురించి నేను పొగడ్త తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఇప్పుడు కొంచెం సవరించుకుంటున్నాను. పండగ ఇంటికి పది వారాల పిల్లను పంపడం మంచిది కాదని ఆవిడకు తెలుసు. మా పట్టుదలకు లొంగకుండా ఉండవలసింది. తప్పు ముందు మాదే అయినా, అలాంటి కొనుగోలుదారుకు వద్దని చెప్పడం కూడా పెంపకందారు బాధ్యతలో భాగమే.

టీకాల పట్టిక కూడా పన్నెండో వారంతో ఆగిపోయింది. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ కొన్ని పిల్లల్లో అప్పటికీ టీకాను పని చేయనివ్వదని, పదహారు వారాలు నిండాక ఇంకొకటి తప్పనిసరి అని మా డాక్టరు గారు వేశారు. అంతవరకు వీధిలో దించలేదు. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మా వీధిలో ఎన్ని కుక్కలు తిరుగుతాయో లెక్కలేదు.

అన్నిటికంటే నన్ను బాధించింది మోకాలు. పద్నాలుగు నెలలప్పుడు బూరె నడుస్తూ నడుస్తూ ఎడమ వెనక కాలు ఎత్తి రెండడుగులు గెంతి మళ్లీ మామూలుగా నడవడం చూశాం. మోకాలి చిప్ప పక్కకు జారుతోంది, రెండో దశ అన్నారు. చిన్న జాతుల్లో తరచూ వచ్చేదే, చాలావరకు వంశంలోనే ఉంటుంది. అందుకే జత కట్టించే ముందు తల్లిదండ్రుల మోకాళ్లు డాక్టరు చేత పరీక్షించాలి. అంత వివరంగా రాసిన పుస్తకంలో ఆ పరీక్ష ఊసే లేదు. తండ్రి కుక్కను మేము చూడనేలేదు, అడగనూ లేదు. ఫోన్ చేస్తే, “మా ఇంట్లో ఎవరికీ కుంటు లేదమ్మా” అన్నారు. కుంటు లేకపోవడం వేరు, పరీక్ష చేయించడం వేరు. కొన్నాళ్లకు తనే ఫోన్ చేసి, డాక్టరు కాగితం పంపమని అడిగి, ఆ తల్లికి ఇక ఈతలు మాన్పించానని చెప్పారు. నేను నమ్మాను.

శస్త్రచికిత్స ఇప్పటికి అవసరం లేదన్నారు. టైల్స్ మీద చాపలు పరిచాం, సోఫా ముందు ఒక మెట్టు పెట్టాం, బరువు 2.6 కిలోలు దాటకుండా చూస్తున్నాం. ప్రతి ఆదివారం తూచి అదే పుస్తకంలో రాస్తున్నాను.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా అజిత్‌సింగ్ నగర్ నీట మునిగినప్పుడు మేము రెండో అంతస్తులో చిక్కుకుపోయాం. కరెంటు వచ్చి ఫోన్ తెరవగానే కనిపించిన మొదటి నాలుగు సందేశాల్లో రెండు గుంటూరు నుంచి వచ్చినవే. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది, బూరెను నీళ్లలోకి దించవద్దు, ఆ మూత్రం వల్ల వచ్చే లెప్టో (లెప్టోస్పైరోసిస్) జబ్బుకు వేసిన టీకా ఏడాది దాటిందేమో చూసుకోమని రాశారు. దాటింది. నీళ్లు తీయగానే వేయించాం.

ఇంకొకరు ఆవిడ దగ్గరే తీసుకోవాలా అంటే, మా ఇంటి పరిస్థితి చెప్పి ఊరుకుంటాను. మా అత్తగారు రోజంతా ఇంట్లో ఉంటారు, ఐదుసార్లు మేత పెట్టే ఓపిక ఉంది. మే నెల ఎండలకు ఏసీ గది ఉంది. భార్యాభర్తలిద్దరూ ఉదయం వెళ్లి రాత్రికి వచ్చే ఇల్లయితే ఎంత మంచి పెంపకందారు దగ్గరైనా ఇంత చిన్న పిల్లను తీసుకోవద్దనే అంటాను. పోయిన వారం మా కింది వాటా వాళ్లు అడిగితే ఆవిడ నంబరు ఇచ్చాను. తండ్రి కుక్కను కూడా చూడమని, ఇద్దరి మోకాళ్ల పరీక్ష కాగితాలు అడగమని, ఎర్ర సిరా పేజీని ఇంటికి వచ్చిన రోజే అందరూ చదవమని చెప్పాను.