"డ్యూయల్ ఆడియో" అని చెప్పి అమ్మే ఫోన్లతో జాగ్రత్త

పాట స్పీకర్‌లో రావాలి, కాల్ మాత్రం చెవిలో వినపడాలి, రెండూ ఒకే ఫోన్‌తో అవ్వాలి అనుకుని కొత్త ఫోన్ కొనబోతున్నారా? అయితే షాపువాళ్ల మాట మీద డబ్బు కట్టకండి. అక్కడే, వాళ్ల ముందే పెట్టి చూసుకోండి. నాకు ఈ విషయంలో ఫోన్ డబ్బు, కన్వర్టర్ డబ్బు, యాప్ డబ్బు మూడూ పోయాయి. ఇంకెవరికీ అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

నేను ఇంటి దగ్గర పిల్లలకు కూచిపూడి నేర్పిస్తాను. పాట ఫోన్ నుంచి బ్లూటూత్ స్పీకర్‌కి వెళ్తుంది. డల్లాస్‌లో ఉన్న ఒక అమ్మాయి వీడియో కాల్‌లో అదే క్లాసు చేస్తుంది. ఇది వివరంగా చెప్తే షోరూమ్‌లో అబ్బాయి, "మేడం, ఇందులో డ్యూయల్ ఆడియో ఉంది. ఏ సౌండ్ ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు" అన్నాడు. బాక్స్ మీద కూడా ఆ మాట ఉంది. ఇంటికొచ్చి చూస్తే ఆ డ్యూయల్ ఆడియో అంటే ఒకే పాటను రెండు బ్లూటూత్ స్పీకర్లకు పంపడం, అంతే. రెండు యాప్‌ల సౌండ్‌ను విడదీయడం దానికి చేతకాదు. మర్నాడే తీసుకెళ్తే, "బాక్స్ ఓపెన్ చేశారు కదా మేడం, రిటర్న్ ఉండదు" అన్నారు.

అసలు సంగతి ఏమిటంటే, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో పాటలు, వీడియోలు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు అన్నీ "మీడియా" అనే ఒక్క గాటికే కడతారు. ఆ మీడియా సాధారణంగా చివరగా కనెక్ట్ అయిన స్పీకర్‌కో ఇయర్‌ఫోన్‌కో వెళ్తుంది. అందుకే పాట ఆగిన క్షణంలో ఒక మెసేజ్ నొక్కాను, మా ఆడపడుచు తన ఆసుపత్రి రిపోర్ట్ గురించి చెప్పుకున్నదంతా పెద్ద స్పీకర్‌లో మోగింది. పిల్లలు, వాళ్లను దింపడానికి వచ్చిన అమ్మలు అందరూ విన్నారు. ఆవిడ నాతో చెప్పుకున్న బాధ అది. ఊరందరికీ వినిపించాల్సిన మాట కాదు.

కాల్ వస్తే ఇంకో గొడవ. మామూలు బ్లూటూత్‌లో పాటకు ఒక పద్ధతి, కాల్‌కు ఇంకో పద్ధతి ఉంటాయి. పాటకు స్టీరియోలో మంచి క్వాలిటీ వస్తుంది. స్పీకర్‌తోనో హెడ్‌సెట్‌తోనో కాల్ మొదలయ్యేసరికి కనెక్షన్ కాల్ పద్ధతికి మారిపోతుంది, సౌండ్ మోనో అవుతుంది. అప్పుడు పాట ఆగిపోతుంది, లేదంటే పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు పీలగా వస్తుంది. మృదంగం దెబ్బ వినపడకపోతే పిల్లలు అడుగు ఎక్కడ వెయ్యాలి? ఇది స్పీకర్ లోపం కాదు. ఇంకా ఖరీదైన స్పీకర్ కొంటే పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

వైరు పెడితే సరిపోతుందని అదే షాపులో టైప్-సి నుంచి 3.5 ఎం.ఎం., అంటే గుండ్రటి ఇయర్‌ఫోన్ పిన్నుకు మార్చే కన్వర్టర్ అంటగట్టారు. పెడితే చప్పుడే లేదు. ఇవి రెండు రకాలు. ఒకటి ఉత్త వైరు. అది పనిచేయాలంటే ఫోనే టైప్-సి నుంచి అనలాగ్ సౌండ్, అంటే ఇయర్‌ఫోన్ నేరుగా వినిపించగల సౌండ్ ఇవ్వాలి, చాలా ఫోన్లు ఇవ్వవు. రెండోదానిలో ఫోన్ ఇచ్చే డిజిటల్ సౌండ్‌ను అనలాగ్‌గా మార్చే డీఏసీ అనే చిన్న చిప్ ఉంటుంది. 3.5 జాక్ లేని ఫోన్ కొనేవాళ్లు "డీఏసీ ఉన్నదే ఇవ్వండి" అని గట్టిగా అడగండి. అయినా అది సౌండ్ వచ్చేలా చేస్తుందే గానీ, ఏ యాప్ ఎటు వెళ్లాలో తేల్చదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది యాప్‌లతో. "ఏ యాప్ సౌండ్‌నైనా ఏ డివైస్‌కైనా పంపండి" అని స్క్రీన్‌షాట్లతో ఊరిస్తాయి. ఆండ్రాయిడ్ 6.0 నుంచి, అంటే 2015 నుంచి, ఒక యాప్ తన సొంత సౌండ్ ఎటు పోవాలో కోరుకోవచ్చు. పక్క యాప్ సౌండ్‌ను మళ్లించే అధికారం మాత్రం ప్లే స్టోర్ నుంచి దించుకున్న మామూలు యాప్‌కి ఉండదు. అది ఫోన్ సిస్టమ్ చేతిలో పని. నేను దించుకున్న యాప్ మొత్తం సౌండ్‌నే ఫోన్ స్పీకర్‌లోకి తోసింది. పైగా ఫ్రీ ట్రయల్ పేరుతో ఆటోపే, అంటే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు పెట్టించుకుని, ట్రయల్ అవ్వగానే డబ్బు లాగేసింది. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి క్యాన్సిల్ చెయ్యాలి, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే కూడా ఒకసారి చూసుకోవాలి. డబ్బు కట్టి 48 గంటలు దాటకపోతే వెంటనే గూగుల్‌నే రీఫండ్ అడగండి. ఇలాంటి యాప్ యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగితే అస్సలు ఇవ్వొద్దు. మీ స్క్రీన్ మీద కనిపించేదంతా దానికి తెలుస్తుంది.

నిజంగా విడదీసే సౌకర్యం సామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్లలో చాలావాటిలో ఉంది. 2017లో వచ్చిన ఎస్8 నుంచి ఇస్తున్నారు. సెట్టింగ్స్‌లో సౌండ్స్ అండ్ వైబ్రేషన్‌లోకి వెళ్తే "సెపరేట్ యాప్ సౌండ్" కనబడాలి. కొనే మోడల్‌లోనే అది చూసుకోండి, పక్క మోడల్‌లో చూపిస్తే ఒప్పుకోకండి. ఐఫోన్‌లో "షేర్ ఆడియో" ఉంది కానీ, అదీ ఒకే పాటను రెండు హెడ్‌ఫోన్లకు పంపేదే.

షాపులో ఇలా చెయ్యండి. వాళ్ల బ్లూటూత్ స్పీకర్ కనెక్ట్ చేయించి ఒక యాప్‌లో పాట పెట్టండి. పాట ఆగకుండా ఇంకో యాప్‌లో వీడియో తెరిచి, దాని సౌండ్ ఫోన్‌లోనే రమ్మనండి. తర్వాత ఇంట్లోవాళ్లతో వాట్సాప్ కాల్ చేయించుకోండి. ఈ మూడూ అయ్యాకే బిల్లు. సెపరేట్ యాప్ సౌండ్ ఉన్న ఫోన్‌లో కూడా కాల్ పరీక్ష మానకండి.

కారులో మ్యాప్ మాట ఒక్కటే మీ సమస్య అయితే కొత్త ఫోన్ అక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్ నావిగేషన్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ ద్వారా వాయిస్ అన్నది ఆఫ్ చేస్తే మాట ఫోన్‌లో, పాట కారు స్పీకర్లలో వస్తాయి. నా క్లాసుకైతే ఇప్పుడు పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి స్పీకర్‌కే గుచ్చుతున్నాను, ఫోన్ కాల్‌కి మాత్రమే. డల్లాస్ అమ్మాయికి తాళం చక్కగా వినపడుతోంది.

లేని సౌకర్యం ఉందని నోటిమాటగా చెప్పి అమ్మినా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతే. కాకపోతే నోటిమాటను రుజువు చెయ్యడం కష్టం, అందుకే వాళ్లు చెప్పింది బిల్లు మీద రాయించుకోండి, లేదా షాపు నంబర్ నుంచి వాట్సాప్‌లో పెట్టించుకోండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మీకూ ఇలా అమ్మి ఉంటే బిల్లు, బాక్స్ ఫోటో దగ్గర పెట్టుకుని మీరూ చెయ్యండి.