మూడు రోజులు, ఒక్క పాట: తిరుపతిలో మా రికార్డింగ్ అనుభవం

మాది నలుగురి బ్యాండ్. సొంతంగా కట్టుకున్న తెలుగు రాక్ పాట రికార్డ్ చేయిద్దామని పోయిన నెల ఈ స్టూడియోకి వెళ్లాం. డ్రమ్స్ కిట్టు చిత్తూరు నుంచి ఆటో ట్రాలీలో తెచ్చుకున్నాం. గంటకు 700 రూపాయలు. ఒక్క రోజులో అయిపోతుందనుకున్న పని మూడు రోజులు పట్టింది.

మొదటి రోజంతా హమ్మింగ్‌తోనే సరిపోయింది. గిటార్ ప్లగ్ చేయగానే హెడ్‌ఫోన్స్‌లో గుయ్యిమని ఒకటే మోత. ఓనరు వచ్చి, "మిక్సింగ్‌లో తీసేస్తాంలేన్నా, మీరు కానీండి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మోత కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. మా పాట జి స్కేల్‌లో ఉంది. బేస్ గిటార్ లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో పలికే జి 49 హెర్ట్జ్. రెండూ అంత దగ్గరగా ఉంటే, మోతను కోసేస్తే పాట పునాదే పోతుంది. అయితే ఆంప్ (గిటార్ సౌండు పెంచే యాంప్లిఫయర్) ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను పీకేద్దామన్నాడు. ఆ మాటకు నిజంగా కోపమొచ్చింది. చేతిలో గిటారు, పెదాలకు మైకు, ఎక్కడైనా కరెంటు లీకయితే మనిషి ప్రాణం పోతుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయనివ్వకండి.

చివరికి దారి చూపింది అక్కడ పనిచేసే కుర్రాడే. లాప్‌టాప్ చార్జర్ పీకి చూశాడు, మోత సగానికి పైగా తగ్గింది. ఆంప్ ఒక గోడ బోర్డులో, లాప్‌టాప్ ఇంకో గోడ బోర్డులో ఉన్నాయి. రెండు ఎర్త్‌ల మధ్య తిరుగుతున్న కరెంటే ఆ మోత. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టాక గది నిశ్శబ్దమైంది.

రెండో రోజు మా సింగర్‌కి నరకం. హెడ్‌ఫోన్స్‌లో తాళం కొట్టే క్లిక్‌ని నిమిషానికి 132 దెబ్బల్లో పెట్టాం, వాడు ప్రతి లైనూ ఈడ్చినట్టు పాడుతున్నాడు. "తాళం నిలవడం లేదు, ప్రాక్టీసు చేసుకుని రండి" అన్నాడు ఓనరు. ఎనిమిదేళ్లుగా వాడితో వాయిస్తున్నాను, తాళం తప్పే మనిషి కాదు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ ఆ కుర్రాడే సెట్టింగ్స్ తెరిచి చూశాడు. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి పోగుచేసుకునే శాంపిల్స్ (సౌండు ముక్కలు), 1024లో ఉంది. సెకనుకి 44,100 శాంపిల్స్ లెక్కన ఒకవైపే 23 మిల్లీసెకన్లు, రానూపోనూ దాదాపు రెట్టింపు. తన గొంతు తనకే ఆలస్యంగా వినబడుతుంటే ఎవరైనా ఎలా పాడతారు? 128కి దించాక రెండో టేక్‌లోనే ఓకే అయింది.

మూడో రోజు డ్రమ్స్. గది చిన్నది, స్నేర్ కొడితే గోడలు రేకు డబ్బాలా మోగాయి. దుప్పట్లు కట్టి ఏదో లాక్కొచ్చాం. మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ నిలవలేదు, మంచి టేక్ ఒకటి పోయింది.

బిల్లులో వాళ్ల వైరింగ్ లోపం వెతికిన మూడు గంటలూ కలిపేశారు. అడిగితే సగం తగ్గించారు. మొత్తం తగ్గించాల్సింది.

5కి 3 ఇస్తున్నాను, ఆ మూడూ ఆ కుర్రాడికే. గొంతు రికార్డింగ్‌కి నిశ్చింతగా వెళ్లొచ్చు, మైకు చాలా బాగుంది. డ్రమ్స్‌కి మాత్రం వద్దు. ఫోన్ చేసినప్పుడు ఆ అబ్బాయి డ్యూటీలో ఉంటాడో లేదో కనుక్కుని మరీ బుక్ చేసుకోండి.