రాణిగంజ్‌లో ట్రాలీ జాకీ కొనేవాళ్ళూ, జాగ్రత్త: కొత్త పెయింట్ కింద పాత జాకీ

సికింద్రాబాద్ రాణిగంజ్‌కి జాకీ కోసం వెళ్తున్నవాళ్ళు ఇది చదివి వెళ్ళండి. 3 టన్నులది, బ్రాండ్ న్యూ అని అంటగట్టిన ట్రాలీ జాకీ (చక్రాల మీద దొర్లే ఆయిల్ జాకీ) లోపలంతా పాతదే. పైన ఎర్ర పెయింట్, కొత్త స్టిక్కర్, కొత్త హ్యాండిల్. అంతే.

కారు స్విఫ్ట్. మొత్తం బరువే 900 కిలోల దగ్గర. ఒక మూల లేపితే జాకీ మీద అందులో సగం కూడా పడదు. అంత మాత్రానికే ఒక్కసారిగా దిగిపోయింది. ఊడదీసిన చక్రాన్ని సిల్ (తలుపుల కింద ఉండే బాడీ అంచు) కింద పడుకోబెట్టి ఉంచబట్టి ఎవరి చెయ్యీ నలగలేదు. రిమ్ గీసుకుపోయింది, సిల్ వంగింది.

జాకీ తీసుకెళ్ళి కౌంటర్ మీద పెడితే ఆ షాపు ఓనరు దాన్ని తిప్పి కూడా చూడలేదు. "జాకీ అన్నంక దిగుతది అన్నా. సామాన్ షాపు దాటిందంటే మాకు సంబంధం లేదు" అన్నాడు. కారు కింద మనిషి ఉండుంటే ఏమయ్యేదని అడిగితే, "కిందికి దూరమని మేం చెప్పినమా?" అన్నాడు. ఫోన్ చూసుకుంటూ అన్నాడు ఆ మాట. డబ్బు సంగతి తర్వాత, ఆ మాటకే ఇంకా ఒళ్ళు మండుతోంది. ప్రాణాన్ని మోసే పనిముట్టు అమ్ముకునే మనిషి అనాల్సిన మాటేనా అది?

విప్పితే అసలు సంగతి బయటపడింది. ఆయిల్ పోసే బిరడా చుట్టూ పెయింట్ పొక్కులు తేలి ఉంది. బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ అలా లేస్తుంది. లోపలి ఆయిల్ రెండు చుక్కలు గ్లాసు నీళ్ళలో వేస్తే కలిసిపోయింది. జాకీ ఆయిల్ అయితే పైన తేలాలి. ఈ జాకీల సీళ్ళు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు) మామూలుగా నైట్రైల్ రబ్బరువి. డాట్ 3, డాట్ 4 రకాల బ్రేక్ ఆయిల్ ఆ రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది. అంచు మెత్తబడ్డ సీలు పక్క నుంచి ఆయిల్ వెనక్కి జారుతూ ఉంటుంది, ఒక దశలో సీలు మడతపడి మొత్తం వదిలేస్తుంది. ఓవర్‌లోడ్ వాల్వ్ స్క్రూ గాడి కూడా అరిగిపోయి ఉంది, ఎవరో తిప్పారు. బరువు మించినప్పుడు ఆయిల్‌ని వెనక్కి పంపి జాకీని లేవనివ్వకుండా ఆపేది ఆ వాల్వే. దాన్ని బిగిస్తే మించిన బరువుకి కూడా జాకీ లేస్తూనే ఉంటుంది, ఏదో ఒకటి విరిగేదాకా.

కాబట్టి షాపు ముందే కారు లేపించి చూడండి. చక్రం నేల వదిలాక సిల్ నుంచి నేలకి టేపు పెట్టి కొలవండి, 10 నిమిషాలాగి మళ్ళీ కొలవండి. తేడా కంటికి ఆనేంత ఉంటే వద్దు. "గాలి పట్టింది అన్నా" అంటారు. అయితే జాకీని దించే రిలీజ్ వాల్వ్ తెరిచి పది పదిహేను సార్లు పంపు కొట్టి, మూసి, మళ్ళీ లేపమనండి. గాలి అయితే పోతుంది, సీలు పోయి ఉంటే మళ్ళీ దిగుతుంది.

జాకీతో లేపాక కారుని ఆనించి ఉంచే జాక్ స్టాండ్లలోనూ ఇదే గోల. 3 టన్నులని రాసి ఉంటే అది ఒక్కోదానికా, జతకా అడగండి. ఖటక్కు (స్టాండు ఎత్తుని పట్టి ఉంచే కొక్కెం) పంటిలోకి పూర్తిగా దిగుతోందో లేదో, వెల్డింగ్ చుట్టూతా ఉందో లేదో వెలుతురులో చూడండి. 2020లో అమెరికాలో ఒక పెద్ద టూల్స్ కంపెనీ 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లు వెనక్కి పిలిచింది ఈ ఖటక్కు సరిగా పడకనే. బదులు ఇచ్చిన 3 టన్నుల వాటిలో కొన్నింటికి వెల్డింగ్ లోపం బయటపడి వాటినీ పిలిచింది. అడ్డంగా పిన్ను పెట్టుకునే రకం దొరికితే అదే తీసుకోండి.

జాకీ మంచిదైనా కారు పడిపోయే సందర్భాలున్నాయి. జూబ్లీహిల్స్ ఏటవాలు గల్లీల్లో, సెల్లార్ ర్యాంపు మీద అసలు లేపొద్దు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకి ముందు చక్రం ఒకటి గాల్లోకి లేచిందంటే గేరు పట్టు పోయినట్టే, డిఫరెన్షియల్ (రెండు చక్రాలని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) వల్ల ఆ చక్రం ఉత్తినే తిరుగుతుంది. అప్పుడు కారుని ఆపేది వెనక చక్రాల హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. వెనక చక్రం లేపితే ఆ హ్యాండ్‌బ్రేక్ కూడా నేలమీదున్న ఒక్క చక్రానికే పనిచేస్తుంది. అందుకే నేలమీదున్న చక్రాలకి ముందూ వెనకా అడ్డు చెక్కలు తప్పనిసరి. చక్రం నేలమీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి, గాల్లో పానా మీద బలం వేస్తే కారు ఊగుతుంది.

ట్రాలీ జాకీ లేస్తున్నకొద్దీ దాని తల వంపుగా కదులుతుంది, ఆ మేరకు కింద చక్రాలు దొర్లాలి. పేవర్ బ్లాకుల సందులో చక్రం ఇరుక్కుంటే తల పక్కకి జారుతుంది. ఎండాకాలం తారు మెత్తబడితే కూడా అంతే. కింద 18 ఎంఎం ప్లైవుడ్ వేయండి, జాకీ దొర్లేంత పొడవుది. సిల్ మీద మాన్యువల్‌లో చూపించిన గాట్ల మధ్యే ఆనించండి, గాడి ఉన్న రబ్బరు ప్యాడ్‌తో. ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ సంప్ కింద, ఈవీ (కరెంటు కారు) అయితే బ్యాటరీ కింద పెట్టొద్దు. స్టాండు మీద దించాక ఒకసారి కారుని చేత్తో నెట్టి చూసి, తర్వాతే కిందికి వెళ్ళండి. కారుతో వచ్చే చిన్న జాకీ టైరు మార్చడానికి మాత్రమే.

బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర వేసి ఇచ్చాడు. ఆ ముద్ర చూసి వెనక్కి రాకండి. లోపం ఉన్న వస్తువుని బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకోనంటే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అది అనుచిత వ్యాపారమే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బిల్లు మీద "కొత్తది, 3 టన్నులు" అని రాయించుకోండి, రాయనంటే అక్కడ కొనకండి. ఆ బ్రేక్ ఆయిల్, ఉబ్బిన సీళ్ళు సీసాలో దాచి పెట్టాం, ఫిర్యాదు వేస్తున్నాం.