'ప్రీనప్ ప్యాకేజీ' అంటూ అమ్ముతున్నారు, డబ్బు కట్టేముందు ఇది చదవండి

ప్రీనప్ అంటే, విడిపోతే డబ్బు, ఆస్తి, పిల్లల సంగతేంటో పెళ్లికి ముందే రాసుకునే ఒప్పందం. మా చెల్లి పెళ్లి కుదిరాక తనూ, పెళ్లికొడుకూ కలిసి దానికోసం అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి 25 వేలు కట్టారు. "కోర్టులో నూటికి నూరుపాళ్లు నిలబడుతుందండీ" అని మాటిచ్చారు. చేతికొచ్చింది వంద రూపాయల స్టాంపు పేపరు, నోటరీ ముద్ర, దానికి కుట్టిన బోలెడు పేజీల ఇంగ్లీషు. అందులో ఒకచోట, ఈ ఒప్పందానికి కాలిఫోర్నియా చట్టం వర్తిస్తుందని ఉంది. అబ్బాయి ఉద్యోగం గచ్చిబౌలిలో, అమ్మాయిది ఉప్పల్!

కాపీ కొట్టారు, సరే. నాంపల్లి కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరుగారికి చూపిస్తే అసలు సంగతి బయటపడింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఇలాంటి ఒప్పందం ఊసే లేదు. పైగా ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. 'విడిపోతే భార్య మనోవర్తి అడగదు', 'పిల్లలు తండ్రి దగ్గరే ఉంటారు' అని రాసుకున్నా కోర్టు పట్టించుకోదు. మనోవర్తి హక్కు ముందే సంతకం పెట్టి వదులుకునేది కాదు, పిల్లల విషయంలో కోర్టు చూసేది వాళ్ల మేలు. "గోవాలో చెల్లుతోంది కదా" అని కన్సల్టెన్సీ ఆఫీసులో వాదించారు. అక్కడ పోర్చుగీసుల నాటి సివిల్ కోడ్ ఉంది కాబట్టి చెల్లుతుంది. ఉప్పల్‌లో ఆ కోడ్ లేదు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఇంకో క్లాజు. అమ్మాయి వాళ్లు 'పెళ్లికి ఇచ్చే సొమ్ము' ఎంతో రాయడానికి ఖాళీ వదిలారు, విడిపోతే అది తిరిగిస్తారట. 1961 వరకట్న నిషేధ చట్టం కింద కట్నం ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమే. దాని గురించి రాసుకున్న ఒప్పందమూ చెల్లదు. అంటే ఎదురు డబ్బిచ్చి మన మీద మనమే సాక్ష్యం రాయించుకున్నట్టు.

పెళ్లికి ముందు ఈ మాటలు అశుభం అనే పెద్దలతో నేను ఏకీభవించను. జీతాలు, అప్పులు, ఫ్లాట్ లోను ఎవరి పేరు మీద అన్నీ మాట్లాడుకోవాల్సిందే. కాగితమే కావాలంటే కానుకల జాబితా రాయండి. ఏ వస్తువు, సుమారు విలువెంత, ఎవరిచ్చారు అని రాసి సంతకాలతో దాచుకోవాలని 1985 నుంచే రూల్స్ ఉన్నాయి. నగల బిల్లులు అమ్మాయి పేరు మీదే తీసుకోండి, స్త్రీధనం అని చూపించడానికి పనికొస్తాయి.

"డ్రాఫ్టింగ్ అయిపోయింది" అని మాకు రిఫండ్ ఇవ్వలేదు. మీరెక్కడికి వెళ్లినా రసీదు మీద అడ్వకేట్ పేరు, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉన్నాయో లేదో చూశాకే డబ్బు కట్టండి. మా రసీదు మీద రెండూ లేవు.